రాతి లిథియం: డ్రిల్లింగ్ ప్రకటన నుంచి మొదటి ఓడ దాకా ఎంత దూరం?

పెర్త్‌వాసి:

అందరికీ నమస్కారం. నేను పెర్త్‌లో పదకొండేళ్లుగా జమాఖర్చుల ఉద్యోగం చేసుకుంటున్నవాణ్ణి, భూగర్భశాస్త్రంతో నాకు పరిచయం లేదు. పశ్చిమ ఆస్ట్రేలియాలోని పిల్బరా ప్రాంతంలో లిథియం కోసం వెతుకుతున్న ఒక చిన్న కంపెనీలో కొన్ని వాటాలు కొన్నాను. దాని పేరు ఇక్కడ చెప్పను. ఒక బోరులో 38 మీటర్ల మేర స్పోడ్యుమీన్ ఉన్న పెగ్మటైట్, అంటే పెద్ద స్ఫటికాల రాయి, కనిపించిందని వాళ్లు ప్రకటించగానే వాటా ధర రెండు రోజుల్లో దాదాపు రెట్టింపయింది. ఆరు వారాల తరువాత ప్రయోగశాల ఫలితం వచ్చింది. ఆ 38 మీటర్ల సగటు 0.62 శాతం లిథియం ఆక్సైడ్ మాత్రమేనట. ధర ఎక్కిన మెట్లన్నీ దిగిపోయింది.

పోయిన డబ్బు గురించి నేను అడగడం లేదు. ఒక కొండమీద తెల్లటి రాతిపట్టీ కనిపించిన రోజు నుంచి, అందులోంచి తీసిన సరుకు ఓడ ఎక్కే రోజు దాకా ఏమేమి జరగాలి? వాటిలో ఏ మెట్టు దగ్గర ఎక్కువమంది జారిపడతారు? తెలిసినవారు ఓపికగా చెప్పగలరా?

సుత్తీ దిక్సూచీ:

పెర్త్‌వాసి గారూ, మీ ప్రశ్నకు జవాబు ఆ ప్రకటనలోని "కనిపించింది" అన్న మాటలోనే ఉంది. నేను ఈ రాష్ట్రంలోనే పద్నాలుగేళ్లుగా అన్వేషణ పనిలో ఉన్నాను కనుక కొంచెం వివరంగా రాస్తాను.

స్పోడ్యుమీన్ అనేది లిథియం, అల్యూమినియం, సిలికా కలిసిన ఖనిజం. పూర్తిగా శుద్ధమైనదైతే అందులో 8 శాతం లిథియం ఆక్సైడ్ ఉంటుంది. రాయిలో పదిహేను శాతం స్పోడ్యుమీన్ ఉంటే ఆ రాయి గ్రేడు, అంటే అందులోని లిథియం ఆక్సైడ్ వంతు, 1.2 శాతం. మీ కంపెనీ బోరులో సగటున ఎనిమిది శాతమే ఉందని 0.62 చెబుతోంది. బోరులోంచి తీసిన రాతి కడ్డీల పెట్టె ముందు కూర్చుని ఎనిమిదికీ పదిహేనుకీ తేడా కంటితో చెప్పడం ఎంత అనుభవం ఉన్నవారికైనా కష్టమే, ఎందుకంటే పక్కనే ఉండే ఫెల్డ్‌స్పార్ కూడా తెల్లగానో లేత బూడిదరంగుగానో ఉండి మోసం చేస్తుంది. పైగా ఈ రాళ్లలో స్ఫటికాలు ఒక్కొక్కటి అడుగు పొడవు దాకా పెరుగుతాయి. ఒక పెద్ద స్ఫటికం మీదుగా బోరు పోతే ఆ మీటరు అద్భుతంగా ఉంటుంది, పక్క మీటరు వట్టిది. అందుకే కంటి అంచనా ప్రయోగశాల ఫలితానికి బదులు కాదని ఇక్కడి నియమావళి, అంటే జోర్క్, ప్రకటనలోనే రాయిస్తుంది. ఆ వాక్యం ఎప్పుడూ చివర్లో చిన్న అక్షరాల్లో ఉంటుంది, 38 మీటర్లు మాత్రం శీర్షికలో ఉంటుంది.

ఇంకో సంగతి. మా చేతుల్లో ఉండే ఎక్స్‌రే తుపాకీ రాగిని, టాంటలమ్‌ను, రుబీడియమ్‌ను పట్టుకుంటుంది గాని లిథియమ్‌ను పట్టుకోలేదు. మరీ తేలిక మూలకం కావడం వల్ల దాని సంకేతం పరికరం దాకా రాదు. లేజర్‌తో పనిచేసే పరికరాలు వచ్చాయి, అవి ఉందో లేదో చెబుతాయి. నమ్మదగిన అంకె కావాలంటే పొడిని సోడియం పెరాక్సైడ్‌తో కరిగించి ప్రయోగశాలలో కొలవవలసిందే.

ఇక మొదటి మెట్టు. లిథియం పెగ్మటైట్లు గాలిలోంచి ఊడిపడవు. లోతులో ఒక గ్రానైట్ చల్లారుతున్నప్పుడు మామూలు ఖనిజాల్లో ఇమడలేని లిథియం, సీజియం, టాంటలమ్ వంటివి చివరి ద్రవంలో పోగుపడి, ఆ ద్రవం చుట్టుపక్కల పచ్చరాయి (పాత అగ్నిపర్వత శిలల) పట్టీల్లోని పగుళ్లలోకి చొరబడి గడ్డకడుతుంది. తల్లి గ్రానైట్‌కు దగ్గరి పట్టీలు సాధారణంగా వట్టివి, కొంత దూరంలో బెరిల్ అనే ఖనిజం వస్తుంది, ఇంకా దూరంలో స్పోడ్యుమీన్. కనుక ముందు మేము చేసేది వెతకడం కాదు, ఆ గ్రానైట్‌కు ఏ దిక్కున ఎంత దూరంలో ఉన్నామో తేల్చుకోవడం. పొటాష్ ఫెల్డ్‌స్పార్‌లో పొటాషియమ్‌కూ రుబీడియమ్‌కూ ఉన్న నిష్పత్తి వందల్లో ఉంటే ఆశ లేదు. 30 దిగువకు పడిపోతే అప్పుడు గుడారం వేస్తాం. చుట్టూ ఉన్న నల్లరాయిలోకి కూడా లిథియం కొంత ఇంకి హోమ్‌క్విస్టైట్ అనే ఊదారంగు ఖనిజంగా మారుతుంది. అది కనబడితే పెగ్మటైట్ పైకి తేలకపోయినా కింద ఉందని అనుమానించవచ్చు.

పాత గనుల చరిత్ర చదవడం అన్నింటికన్నా చవకైన అన్వేషణ. ఈ రాష్ట్రంలోనే ఉన్న గ్రీన్‌బుషెస్‌లో 1888లో తగరం తవ్వకం మొదలైంది, 1940ల్లో టాంటలమ్ తీశారు, లిథియం ఖనిజం 1980ల్లో గాని తీయలేదు. ఇవాళ ప్రపంచంలోకెల్లా మేలైన రాతి లిథియం గని అదే, గ్రేడు రెండు శాతం దరిదాపుల్లో ఉంటుంది. పిల్బరాలోని పిల్గంగూరా కూడా మొదట తగరం, టాంటలమ్ వెతికినవాళ్లు తిరిగిన నేలే. వాళ్ల పారబోత గుట్టల్లో స్పోడ్యుమీన్ పడి ఉన్నా అడిగిన నాథుడు లేడు.

గూడూరు కాకిబంగారం:

అయ్యా, నేను చిన్నప్పుడు సైదాపురం దగ్గర అభ్రకం గనుల్లో మా నాన్నగారి వెంట తిరిగినవాణ్ణి. అవి కూడా పెగ్మటైట్లే అని తరువాత చదువుకున్నాను. బోర్లు, లారీలు, గుట్టలు గుట్టలుగా తెల్లరాయి, అన్నీ కళ్ల ముందే ఉండేవి. మా నెల్లూరు పట్టీలో కూడా లిథియం ఉంటుందా? ఇక్కడ కొందరు భూముల దళారులు ఈ మాట చెప్పి బేరాలు మొదలుపెట్టారు, అందుకే అడుగుతున్నాను.

పాత పటం:

కాకిబంగారం గారూ, నేను ఆ పట్టీలో పనిచేసి పదవీ విరమణ చేసినవాణ్ణి కనుక సూటిగా చెబుతాను. పెగ్మటైట్ అన్నంతమాత్రాన అన్నీ ఒక కుటుంబం కావు. నెల్లూరు పట్టీవి ప్రధానంగా మస్కొవైట్ (తెల్ల అభ్రకం) తరగతివి, ఎక్కువ లోతులో, ఎక్కువ పీడనంలో గడ్డకట్టినవి. పెద్ద పెద్ద అభ్రకం పలకలు అందుకే దొరికాయి. బెరిల్, సమార్‌స్కైట్ వంటివి అక్కడక్కడా దొరికిన మాట నిజం. లిథియం పుష్కలంగా ఉండే తరగతి సాధారణంగా అంతకన్నా తక్కువ లోతుల్లో, బాగా పరిణతి చెందిన గ్రానైట్ల నుంచి పుడుతుంది. మీరు చూసిన తెల్ల అభ్రకం పొటాషియం అభ్రకం. లిథియం అభ్రకమైన లెపిడొలైట్ లేత ఊదారంగులో ఉంటుంది. పరీక్ష చేయకుండా లేదని అనను, కాని దళారి మాట మీద ఒక్క రూపాయి కూడా పెట్టకండి.

మన దేశంలో స్పోడ్యుమీన్ పెగ్మటైట్‌కు చెప్పుకోదగ్గ ఉదాహరణ కర్ణాటక మండ్య జిల్లాలోని మార్లగళ్ల-అల్లాపట్న. అణు ఖనిజాల సంచాలకాలయం అక్కడ ప్రాథమికంగా అంచనా వేసినది 1,600 టన్నుల లిథియం వనరు. పిల్గంగూరాలో 2023 నాటికి ప్రకటించిన ఖనిజ వనరు 41 కోట్ల టన్నుల పైచిలుకు రాయి, 1.15 శాతం గ్రేడు, అంటే లిథియం ఆక్సైడ్ లెక్కన 47 లక్షల టన్నులు. పక్కపక్కన పెడితే తేడా అర్థమవుతుంది. జమ్ము రియాసిలో 59 లక్షల టన్నులంటూ 2023 ఫిబ్రవరిలో పత్రికల్లో హోరెత్తినది అసలు పెగ్మటైటే కాదు, బాక్సైట్‌తో కలిసిన బంకమట్టి రకం. తగినంతమంది బిడ్డర్లు రాక దాని వేలం 2024లో రద్దయింది.

అదీగాక 2023 దాకా లిథియం మన చట్టంలో అణు ఖనిజం, ప్రైవేటువారు ముట్టుకోవడానికి వీలు లేనిది. ఆ ఏడాది గనుల చట్ట సవరణతో దాన్ని ఆ జాబితా నుంచి తీశారు. ఛత్తీస్‌గఢ్ కట్‌ఘోరా ప్రాంతానికి 2024లో వేలం పూర్తయింది. అంటే మనం ఇప్పుడిప్పుడే మొదటి మెట్టు మీద కాలు పెడుతున్నాం.

గూడూరు కాకిబంగారం:

ధన్యవాదాలు అయ్యా. ఈ మాటలు అచ్చువేసి మా బావమరిదికి చూపిస్తాను.

ఫ్లోటేషన్ శాస్త్రి:

భూగర్భం వారు చెప్పినదంతా సబబే గాని, వారి కథ ఎప్పుడూ బోరు దగ్గరే ఆగిపోతుంది. ఎక్కువమంది జారిపడే మెట్టు ఏదని కదా అడిగారు. నా లెక్కలో అది ప్లాంటు.

రాయిలో 1.2 శాతం ఉన్నదాన్ని అయిదున్నర శాతం కాన్సన్‌ట్రేట్‌గా, అంటే వట్టిరాయి తీసేసి గాఢత పెంచిన పొడిగా, మార్చాలి. రికవరీ, అంటే రాయిలోని లిథియంలో సరుకులోకి వచ్చే వంతు, 70 శాతం అనుకుంటే ఒక టన్ను సరుకుకు ఆరున్నర టన్నుల రాయి కావాలి. అదే గ్రేడు 1 శాతానికి, రికవరీ 60 శాతానికి పడితే తొమ్మిది టన్నుల పైన కావాలి. చూడ్డానికి చిన్న తేడాలే, కాని ప్రతి టన్ను రాయికీ అయిదారు టన్నుల వ్యర్థశిల తొలగించే గనిలో ఆ రెండున్నర టన్నుల అదనం ఖర్చు మొత్తం బతుకునే మార్చేస్తుంది.

రికవరీ ఎందుకు పడిపోతుంది? స్ఫటికాలు పెద్దవై, రాయిని కాస్త నలగ్గొట్టగానే విడిపోతే భారద్రవ పద్ధతి చాలు. ఫెర్రోసిలికాన్ కలిపిన నీటిలో బరువైన స్పోడ్యుమీన్ మునుగుతుంది, క్వార్ట్జ్, ఫెల్డ్‌స్పార్ తేలుతాయి. చవకైన పద్ధతి. స్ఫటికాలు సన్ననివైతే పిండిలా నూరి, కొవ్వు ఆమ్లాలతో నురుగులో తేల్చాలి. నూరితే మరీ సన్నని బురద తయారవుతుంది, అది లిథియమ్‌ను మోసుకుని తోకబురదలోకి, అంటే ప్లాంటు పారబోసే వ్యర్థంలోకి, పోతుంది. నీటిలో ఉప్పు శాతం మారినా, చలి పెరిగినా నురుగు తీరు మారుతుంది. పైపొరలో వాన, ఎండలకు కుళ్లిన రాయిలో స్పోడ్యుమీన్ సగం బంకమట్టిగా మారి ఉంటుంది. అది పరీక్షలో లిథియం చూపిస్తుంది గాని ప్లాంటులో సరుకు ఇవ్వదు.

అన్నింటికన్నా పెద్ద తలనొప్పి ఇనుము. పెగ్మటైట్ పట్టీ సన్ననిదైతే పేలుడులో పక్కనున్న నల్లరాయి కూడా కలిసి వస్తుంది. దాని బరువు కూడా స్పోడ్యుమీన్ బరువుకు దగ్గరగా ఉండడం వల్ల భారద్రవంలో అదీ మునుగుతుంది. ఇనుము ఎక్కువైన సరుకుకు కొనేవాడు ధర కోస్తాడు, లేదా తిప్పి పంపుతాడు. అందుకే 40 మీటర్ల మందం ఉన్న ఒక పట్టీ, నాలుగేసి మీటర్ల పది పట్టీల కన్నా ఎంతో మేలు, మొత్తం టన్నులు సమానమైనా సరే.

కొనేవాడి పని కూడా తేలిక కాదు. ప్రకృతిలోని స్పోడ్యుమీన్ ఆమ్లానికి లొంగదు. దాన్ని దాదాపు 1,050 డిగ్రీల సెల్సియస్ వరకు కాల్చితే ఘనపరిమాణం మూడోవంతు దాకా ఉబ్బి, స్ఫటిక నిర్మాణం వదులవుతుంది. అప్పుడు గంధకామ్లంతో 250 డిగ్రీల దగ్గర వేయించి నీటిలో కరిగిస్తారు. ఆ అయిదున్నర శాతం సరుకు ఎనిమిదిన్నర టన్నులు పోస్తే ఒక టన్ను లిథియం కార్బొనేట్ వస్తుంది. ఈ పనిలో సింహభాగం చైనాలో జరుగుతోంది.

మీ కంపెనీ ప్రకటనల్లో ప్లాంటు పరీక్షల ఫలితాలు, అంటే ఏ సైజుకు నలగ్గొడితే ఎంత రికవరీ, ఎంత ఇనుము అన్నది, ఉన్నాయా? లేకపోతే ఆ 38 మీటర్లు ఇంకా రాయి మాత్రమే, ఖనిజం కాదు.

లెక్కల మాస్టారు:

శాస్త్రి గారి మాటకు నాదొక సవరణ. మంచి ప్లాంటు ఉన్నా మునిగినవారున్నారు. పెర్త్‌వాసి గారు జమాఖర్చుల మనిషి కనుక ఈ ఉదాహరణ వారికి నచ్చుతుంది.

పిల్గంగూరాలో ఒకే పెగ్మటైట్ క్షేత్రం మీద, కంచెకు అటొకటి ఇటొకటి రెండు గనులు లేచాయి. ఒకటి పిల్బరా మినరల్స్ వారిది, రెండోది అల్ట్యూరా మైనింగ్ వారిది. పిల్బరా మినరల్స్ ఆ ఆస్తిని 2014లో తీసుకుని నాలుగేళ్లలో సరుకు ఓడ ఎక్కించింది. ఈ రంగంలో అది చాలా వేగం. రెండు కంపెనీలూ 2018లోనే ఎగుమతి మొదలుపెట్టాయి. రాయి ఒకటే, పోర్ట్ హెడ్‌లాండ్ రేవు ఒకటే, రోడ్డు ఒకటే, కొనేది చైనాయే. 2020 నాటికి కాన్సన్‌ట్రేట్ ధర టన్నుకు 400 డాలర్ల దరిదాపులకు పడింది. పిల్బరా మినరల్స్ ఉత్పత్తి తగ్గించుకుని, వాటాలు అమ్మి నగదు పోగుచేసి ఊపిరి బిగబట్టింది. 2019లోనే బ్యాటరీల కంపెనీ సీఏటీఎల్ అందులో పెట్టుబడి పెట్టింది. అల్ట్యూరాకు ఆ వెసులుబాటు లేదు. అప్పు ఇచ్చినవాళ్లు 2020 అక్టోబరులో రిసీవర్లను, అంటే బాకీ రాబట్టడానికి ఆస్తులు స్వాధీనం చేసుకునేవారిని, పెట్టారు. కొన్ని నెలల్లోనే పక్కింటివాళ్లే 17.5 కోట్ల అమెరికా డాలర్లకు దాన్ని కొనేసి, న్గుంగాజు ప్లాంటు అని పేరు మార్చి నడిపారు.

తరువాత జరిగినది చూడండి. 2021 జులైలో పిల్బరా మినరల్స్ తొలిసారి వేలం వేస్తే 10,000 టన్నుల సరుకుకు టన్నుకు 1,250 డాలర్లు పలికింది. 2022 చివరికి ఆ వేలాల్లో ధర 7,800 దాటింది. అల్ట్యూరా రెండేళ్లు అదనంగా నిలబడగలిగి ఉంటే కథ వేరుగా ఉండేది. 2023 జూన్‌తో ముగిసిన ఏడాదికి పిల్బరా లాభం 239 కోట్ల ఆస్ట్రేలియా డాలర్లు. మరుసటి ఏడాదికే అది 26 కోట్లకు పడింది. 2024 చివర్లో అదే న్గుంగాజు ప్లాంటును మూసి కాపలా పెట్టారు. రాయి మారలేదు, గ్రేడు మారలేదు.

కనుక చిన్న కంపెనీని చూసేటప్పుడు నేను గ్రేడు కన్నా ముందు అప్పు తీర్చవలసిన తేదీ చూస్తాను.

ఫ్లోటేషన్ శాస్త్రి:

మాస్టారూ, ఒప్పుకుంటాను, సగం మాత్రమే. ధర 400కు పడినప్పుడు కూడా గ్రీన్‌బుషెస్ నడిచింది. ఎందుకు? రెండు శాతం గ్రేడు, దశాబ్దాల అనుభవం ఉన్న ప్లాంటు, అందువల్ల టన్నుకు తక్కువ ఖర్చు. అప్పు చంపేది బలహీనుణ్ణే, ఆ బలహీనత రికవరీలోనో గ్రేడులోనో ముందే ఉంటుంది.

లెక్కల మాస్టారు:

గ్రీన్‌బుషెస్‌ను ఉదాహరణగా తీసుకుంటే ప్రపంచంలో ఇంకో గనికి పాస్ మార్కులు రావు శాస్త్రి గారూ. కెనడాలో క్యూబెక్‌లోని వాబూషి నిక్షేపం గ్రేడులో తీసిపోయింది కాదు. దాన్ని కట్టబోయిన నెమాస్కా లిథియం గని పూర్తికాకముందే 2019 డిసెంబరులో అప్పులవాళ్ల నుంచి రక్షణ కోసం కోర్టుకెక్కింది. వాణిజ్య ఉత్పత్తి మొదలుకాకముందే జరిగిన సంగతి అది. రికవరీ తప్పు అందామా?

నీటిబొట్టు:

మీ ఇద్దరి వాదంలో మనుషులు ఎక్కడా కనబడలేదు. ఆ నేల ఎవరిది? ఆ ఎండలో ఇన్ని నీళ్లు ఎక్కడివి?

సుత్తీ దిక్సూచీ:

న్యాయమైన ప్రశ్న. పిల్గంగూరా న్యమల్, కరియారా ప్రజల సంప్రదాయ భూమి. ఇక్కడ ఖనిజం ప్రభుత్వానిది. అన్వేషణ లైసెన్సు ఒకటి, మైనింగ్ లీజు ఇంకొకటి. లీజు 21 ఏళ్లకు ఇస్తారు. 1993 నాటి స్థానిక హక్కుల చట్టం ప్రకారం లీజుకు ముందు ఒప్పందం కోసం ఆ ప్రజలతో సంప్రదింపులు జరపాలి. బోరు వేయడానికి దారి చదును చేయాలన్నా ముందు వారి పెద్దలతో కలిసి నడిచి, పవిత్ర స్థలాలు, పాత రాతి పనిముట్లు ఉన్నచోట్లు గుర్తించాలి. 2020లో ఇనుప గని కోసం జూకన్ గార్జ్ గుహలను పేల్చేసిన తరువాత ఈ విషయంలో ఎవరూ కళ్లు మూసుకోలేరు. నా అనుభవంలో ఒక సర్వేకు పెద్దలు వచ్చి, మేము గీసిన బోరు స్థానాల్లో మూడింటిని కదిపించారు. ఒకదానివల్ల మాకే మేలు జరిగింది, అది వేరే కథ.

నీరు భూగర్భం నుంచే, లైసెన్సుతో తోడాలి. తోకబురద చెరువులోంచి తేరిన నీటిని తిరిగి వాడతారు. అలా తిరిగి తిరిగి ఆ నీటిలో లవణాలు పేరుకుని, శాస్త్రి గారు చెప్పిన నురుగును పాడుచేస్తాయి. కాబట్టి ఇది నేల సమస్యా, ప్లాంటు సమస్యా రెండూను.

పెర్త్‌వాసి గారూ, ఒక పని చేయండి. ఆ ప్రకటన చివర పట్టికలో ప్రతి బోరుకూ దిశ, వాలు రాసి ఉంటాయి. పెగ్మటైట్ ఎటు వాలి ఉందో ఇంకోచోట రాసి ఉంటుంది. ఆ రెండూ ఇక్కడ పెట్టండి.

పెర్త్‌వాసి:

వెతికాను. బోరు తూర్పు దిక్కుగా, 60 డిగ్రీల వాలుతో వేశారు. పెగ్మటైట్ "సుమారు 45 డిగ్రీలతో తూర్పుకు వాలి ఉన్నట్లు భావిస్తున్నాం" అని ఉంది. దీనర్థం ఏమిటి?

సుత్తీ దిక్సూచీ:

ఒక కాగితం మీద రెండు గీతలు గీయండి. బోరు, రాతిపట్టీ రెండూ ఒకే వైపుకు వాలి, వాటి మధ్య కోణం 15 డిగ్రీలే ఉంది. అంటే బోరు పట్టీని అడ్డంగా కోయలేదు, దాని వెంబడి జారుతూ పోయింది. అరటిబోదెను అడ్డంగా కాకుండా నిలువుగా కోసినట్టు. 38 మీటర్లను ఆ కోణపు సైన్‌తో గుణిస్తే నిజమైన మందం పది మీటర్ల లోపే వస్తుంది. అలాంటి పట్టీని పడమర దిక్కుగా బోరు వేసి పరీక్షించడం మామూలు పద్ధతి.

అంతమాత్రాన మోసమని అనను. తూర్పు వైపు కొండ ఏటవాలుగా ఉండి రిగ్గు ఎక్కలేకపోవచ్చు, లేదా వారసత్వ అనుమతి ఒక వైపుకే వచ్చి ఉండవచ్చు. నిజమైన మందం తెలియదని వాళ్లు ఎక్కడైనా రాశారేమో చూడండి.

పెర్త్‌వాసి:

రాశారు. పదిహేడో పేజీలో, పట్టిక కింద. నేను మూడో పేజీ దాటలేదు. తరువాతి ఆరు బోర్లు పడమర దిక్కుగా వేయబోతున్నట్లు మొన్నటి ప్రకటనలో ఉంది.

ఫ్లోటేషన్ శాస్త్రి:

అవి వచ్చాక మందంతో పాటు రెండు అంకెలు ఇక్కడ రాయండి: ఆ పది మీటర్ల లోపల ఇనుము ఎంత శాతం, కుళ్లిన పైపొర ఎంత లోతు దాకా ఉంది. పట్టీ పది మీటర్లే అయితే నల్లరాయి కలవకుండా తవ్వడం మీద నాకు గట్టి అనుమానాలున్నాయి.

లెక్కల మాస్టారు:

ఆ ఆరు బోర్ల ఖర్చుకు వాళ్ల దగ్గర నగదు ఉందో, కొత్త వాటాలు జారీ చేస్తారో కూడా. మూడు నెలలకోసారి ఇచ్చే నగదు నివేదిక చూస్తే తెలిసిపోతుంది పెర్త్‌వాసి గారూ, అది మీ భాషే.